రోగి పేరు, వీధి గోడ

అంటురోగపు సంగతి ఆరోగ్యాధికారికి దెలుపుట వైద్యుని విధి యని, మన సీమకు వర్తించిన 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టము శాసించినది. ఆ విధిని మేమాక్షేపింపము. కాని అధికారికి దెలుపుట వేఱు, వీధికి జాటుట వేఱు.

2020లో కోవిడ్ ప్రబలినపుడు దేశమున బెక్కుచోట్ల రోగుల వాకిండ్లకు ప్రకటనలంటించిరి. విపత్తు నిర్వహణ చట్టము ననుసరించి యధికారి యాజ్ఞ యున్నగాని యట్లు చేయరాదని ఆ యేటి డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పినది. గోప్యత ప్రాథమిక హక్కనియు, దానికి హద్దు విధింప చట్టబలము, అవసరము, మితము వలయుననియు 2017లోనే ఆ న్యాయస్థానము నిర్ణయించినది. 1897 నాటి అంటువ్యాధుల చట్టమున మాత్రము రోగి గోప్యతను గూర్చి యొక్క మాటయు లేదు.

ఇంటిపై ముద్ర పడునని వెఱచిన గుంటూరు మిర్చియార్డు హమాలీ జ్వరమును దాచును. దాచిన జ్వరము యార్డెల్ల బ్రాకును. రోగి పేరు ఎవరికి, ఎంతకాలము దెలియవలయునో శాసనమే చెప్పవలయును. రాబోవు తెగులునకు ముందే చెప్పవలయును.