పండగ నుంచి వెనక్కి
వేలూరు వైపు పూలమడి వేసేవాళ్లు తరచూ చేసే తప్పొకటుంది: నర్సరీలో ఆ రోజు పూసి ఉన్న మొక్కలన్నీ తెచ్చి నాటేస్తారు. నెల తిరిగేసరికి మడి బోసిపోతుంది. నేనైతే పండగల నుంచి వెనక్కి లెక్కపెట్టమంటాను. మే నడుమ, తమిళుల వైకాసి మొదటి రోజున గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగేనాటికి మల్లెలు విరగబూయాలంటే డిసెంబరులోనే కొమ్మలు కత్తిరించాలి. పచ్చటి పొద మీద కత్తెర పెట్టడానికి మనసొప్పదు, అయినా తప్పదు. దసరా బంతికి రెండు నెలల ముందే విత్తనం పడాలి. చామంతి మాత్రం, ఎంత ఎరువు వేసినా, పగటిపొద్దు కురచయ్యేదాకా మొగ్గ తొడగదు. ఈశాన్య వానలు తెరిపివ్వగానే డిసెంబరాల వంతు. సందుల్లో కనకాంబరం పెడితే దాదాపు ఏడాది పొడుగునా జడకు లోటుండదు. దానికి వాసన లేదంటారు. త్వరగా వడలదు కదా!