కొండను కొట్టుకొను హక్కు

రాతిని కొట్టుకొను హక్కు గలవారికి ఆ కొండనే రూపుమాపు హక్కు గూడ గలదా? రాతిగనులను గూర్చిన వివాదములు మన జిల్లాలలో తరచుగా వినవచ్చుచున్నవి గావున, జర్మనీలో రైను నదీతీరమందలి డ్రాఖెన్‌ఫెల్స్ కొండ చరిత్రమును పాఠకుల యెదుట నుంచుట యవసరమని తలచుచున్నాము.

సముద్రమట్టమునకు 321 మీటర్ల యెత్తున నున్న యీ కొండ సుమారు రెండున్నర కోట్ల సంవత్సరముల క్రిందటి యగ్నిపర్వతశేషము. పొంగివచ్చిన శిలాద్రవము పైపొరల క్రిందనే గడ్డకట్టి ట్రాకైటు అను రాయి యైనది. కాలక్రమమున పైపొరలు అరిగిపోగా శిఖరము బయల్పడినది. రోమనుల కాలముననే యిచ్చట రాతిని కొట్టి పడవల మీద దింపుకొనిరి. 1248లో ఆరంభమైన కొలోన్ మహాదేవాలయమునకు మధ్యయుగమున ముఖ్యముగ రాతి నొసగినది యీ కొండయే. కొండపాదమున నది పారుచుండుటచే రవాణాఖర్చు స్వల్పము. గని వర్ధిల్లుటకు గల రహస్యమిదియే.

అయితే పంట కోసిన పొలము మరల పండును. కొట్టిన కొండ మరల పెరుగదు. శిఖరముపై 12వ శతాబ్దమున గట్టిన కోట యడుగునకు గూడ తవ్వకములు ప్రాకినవి. 1788లో కోటగోడ కొంత కూలినను ఎవరును మేల్కొనలేదు. 1816లో ఆంగ్లకవి బైరను తన కావ్యమున ఆ కోటను కీర్తింపగా, కొండ పేరు దేశదేశములకు వ్యాపించినది. 1827లో శిఖరము రాతిపనివారి సంఘమునకు వశమైనది. మరుసటి యేడు శిథిలములలో మరికొంత కూలెను. అంతట ప్రష్యా ప్రభుత్వము పని నాపించి, 1836లో 10,000 తాలర్ల నిచ్చి శిఖరమును కొనెను.

ఇందు మూడు విషయములు గమనింపదగియున్నవి. మొదటిది: ప్రభుత్వము ఉత్తర్వుతో సరిపెట్టక సొమ్ము చెల్లించినది. లోకమంతయు చూచి యానందించు శిఖరమునకై నష్టమును కొలదిమంది రాతిపనివారే భరింపవలయుననుట న్యాయము గాదు. రెండవది: చుట్టుపట్ల కొండలలో పని చాలకాలము సాగినందున ఆ వృత్తి నశింపలేదు. మూడవది: ఆలస్యమునకు వెల తప్పలేదు. తవ్వి డొల్లచేసిన శిఖరమును 1970ల దశకమున కాంక్రీటుతోను ఉక్కుకడ్డీలతోను బిగింపవలసివచ్చెను.

దేవాలయము మాటయేమని కొందఱడుగవచ్చును. 1842లో మరల మొదలైన నిర్మాణము వేరుచోట్లనుండి తెచ్చిన రాళ్లతో 1880లో పూర్తియైనది. నేటి మరమ్మతులకును పరాయి రాళ్లే యాధారము. ఖర్చు పెరిగిన మాట నిజమే. కాని గోపురములును నిలిచినవి, కొండయు నిలిచినది.

ఈ చరిత్రము మనకు దూరపుమాట గాదు. రాజమహేంద్రవరము చెంత గోదావరికి ఇరువైపుల నున్న నల్లరాయియు అగ్నిపర్వతద్రవమే. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పశ్చిమ దక్కనునుండి వేయి కిలోమీటర్లు ప్రవహించి వచ్చినదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దాని పొరల నడుమ ప్రాచీన జలచరముల శిలాజములు గలవు. గౌరీపట్నము, పంగిడి ప్రాంతముల గనులలో ఆ రాయి కంకరయై రోడ్లకును ఇండ్లకును పోవుచున్నది. రోడ్లు వలదని మేము చెప్పము. కంకర లేక కట్టడము లేదు, పని లేక కూలికి కూడు లేదు.

కాని కౌలుపత్రము వ్రాయుటకు ముందే, ఇంతవఱకు తవ్వవచ్చును, ఇది ముట్టరాదు అని హద్దురాళ్లు పాతవలెను. శిలాజములు గల పొరలలో కొంతభాగమును విద్యార్థులకై విడువవలెను. ఇచ్చిన హక్కును తిరిగి తీసికొనవలసివచ్చినచో, పరిహారమును బొక్కసమునుండి చెల్లింపవలెను. గోడ కూలినపిమ్మట కొనుటకంటె, గీత ముందే గీయుట చౌక. 1788లో ఎవరును నేర్వని పాఠమును ప్రష్యా ప్రభుత్వము 1836లో వెలయిచ్చి నేర్చుకొన్నది. మనకు అదే పాఠము ఉచితముగ లభించుచున్నది.