ధింసా ఆడితే ప్రభు బల్లకు దూరమా?



ఇటుకల పండగకు పుట్టింటికి వెళ్లి, చుట్టాలతో చేయి కలిపి ధింసా ఆడిన ఒక సహోదరిని ప్రభు బల్లకు రానివ్వొద్దని కొందరు నన్ను అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో అందరికీ చెప్పాలి.

ముందు ఒక మాట తేటగా. దేవత ముందు కోడిని కోసి విత్తనాలకు పూజ చేయించే చోట విశ్వాసికి పాలు లేదు. క్రీస్తు ఒక్కసారే బలి అయ్యాడు, అది చాలు (హెబ్రీ 10:10). ఇందులో రాజీ లేదు.

అయితే తుడుము, కిరిడి మోగితే అక్కచెల్లెళ్లు వరుసకట్టి ఆడడం ఏ దేవతకు బలి? దావీదు మందసం ముందు నాట్యమాడాడు. కిటికీలోంచి చూసి హీనపరచింది మీకాలు (2 సమూయేలు 6). మనం ఎవరి పక్కన నిలబడుతున్నాం?

కొత్తల సంగతీ అంతే. మామిడి కొత్త చేసేదాకా మామిడికాయ ముట్టరు, కంది కొత్త కాకుండా కొత్త కందులు వండరు. దాన్ని చూసి నవ్వేవారు లేవీయకాండము 23:14 చదవండి. ప్రథమ ఫలం దేవునికి అర్పించేదాకా ఇశ్రాయేలు కొత్త ధాన్యం తినకూడదు. ఆగడం తప్పు కాదు, ఎవరికి అర్పిస్తున్నామన్నదే ప్రశ్న. ఈ ఏడు మీ మొదటి చోళ్లు, సామలు ఇంట్లో వండకముందే మందిరానికి తెండి.

ఐర్లాండు క్రైస్తవులు ఫిబ్రవరి 1న బ్రిజిత్ పేరున తుంగతో సిలువ అల్లి ఇంట్లో పెడతారు. క్రీస్తును ఎరుగక మునుపు అక్కడ అది వసంతాన్ని పిలిచే పండగ రోజు. జర్మనీ నుంచి వచ్చిన క్రిస్మస్ చెట్టును మనమూ అడ్డు చెప్పకుండా నిలబెడుతున్నాం. దొరల దేశపు ఆచారం పవిత్రం, మన కొండది మాత్రం సాతానుదా?

"బలహీనులు తొట్రిల్లరా?" అంటారు. నిజమే. నిన్నమొన్న పూజ మానినవాని కోసం నేనే ఆటకు దూరంగా ఉంటాను. ప్రేమతో నేను మానుకోవడం వేరు, ఇంకొకరికి తీర్పు తీర్చడం వేరు.

ఇంకొకటి. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడినవారు ఎవరని అడిగాను. ఒక్కరూ లేరు.

వచ్చే ఆదివారం బల్ల ఉంది. ఆ సహోదరి వస్తుంది. ఆమెకు రొట్టె నా చేతులతో ఇస్తాను. మీరూ రండి, అయితే ముందు ఆమెతో సమాధానపడి రండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.