అందరి తలుపూ తట్టే కృప

'వాడు దేవుడు ఏర్పరచుకున్నవాడు కాదేమోనమ్మా!' తాగుడుకు బానిసైన కొడుకు కోసం ఏళ్ల తరబడి కన్నీటితో ప్రార్థిస్తున్న తల్లితో, ప్రార్థన కూడికల్లో ఎవరో ఒకరు ఇలాంటి మాట అనేస్తుంటారు. ఓదార్పుగానే అంటారు కానీ, ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగిపోతుంది. దేవుడే వద్దనుకున్న బిడ్డ కోసమా ఇన్నాళ్లూ తాను మోకరించింది? మరోపక్క, 'ఇరవై ఏళ్ల క్రితమే మారుమనస్సు పొందాం, బాప్తిస్మం తీసుకున్నాం, ఇక మన రక్షణకు ఢోకా లేదు' అన్న ధీమాతో, సొంత అన్నదమ్ముల మీద ఆస్తి కోసం కోర్టుకెక్కిన విశ్వాసులూ మన మధ్యే ఉన్నారు. అక్కడ నిరాశ, ఇక్కడ నిర్లక్ష్యం. ఈ రెండింటికీ జవాబు చెప్పే బోధ ఒకటి మెథడిస్టు సంఘాల వారసత్వంగా మనకు దక్కింది. దాన్ని మనం ఎంతవరకు అర్థం చేసుకున్నాం?

ఆ బోధ మూలాలు నాలుగు వందల ఏళ్ల నాటి హాలెండ్‌లో ఉన్నాయి. జేకబ్ ఆర్మీనియస్ అక్కడి పాస్టర్, పండితుడు. 1575లో స్పెయిన్ సైనికులు ఆయన పుట్టిన ఊరి మీద పడి జరిపిన ఊచకోతలో కుటుంబాన్ని పోగొట్టుకున్నారు. జెనీవాలో కాల్విన్ వారసుడైన బేజా దగ్గర వేదాంతం చదివారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేనేళ్లు సంఘకాపరిగా ఉండి, ప్లేగు ప్రబలినప్పుడు రోగుల ఇళ్లకు వెళ్లి పరామర్శించారు. 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. దేవుడు కొందరిని నిత్యజీవానికి, మరికొందరిని నిత్యనాశనానికి, వారి విశ్వాస అవిశ్వాసాలతో పనిలేకుండా ముందే నిర్ణయించేశాడన్న బోధను ఆయన లేఖనాల వెలుగులో ప్రశ్నించారు. 1609లో ఆయన కన్నుమూశాక అనుచరులు ఐదు అంశాలతో తమ విశ్వాస ప్రకటన చేశారు. 1618-19లో జరిగిన డార్ట్ మహాసభ ఆ ఐదింటినీ తోసిపుచ్చింది. దాదాపు రెండు వందల మంది పాస్టర్లు పరిచర్య పోగొట్టుకున్నారు.

ఆర్మీనియస్ బోధ అంటే 'మనిషి తన సొంత శక్తితో దేవుని దగ్గరికి రాగలడు' అనేదే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాపంలో పడిన మనిషి కృప లేకుండా ఒక్క మంచి తలంపు కూడా తలంచలేడనే ఆయన బోధించారు. అయితే ఆ కృప అందరికీ అందుబాటులో ఉంది, అది ఎవరినీ బలవంతం చేయదు, మనిషి దాన్ని తోసిపుచ్చగలడు అన్నారు. ఇదీ అసలు సంగతి.

ఈ సత్యాన్ని పుస్తకాల్లోంచి వీధుల్లోకి తెచ్చినవాడు జాన్ వెస్లీ. 'ముందుగా వచ్చే కృప' అన్నది ఆయన బోధకు పునాది. మనం దేవుణ్ణి వెదకక ముందే ఆయన మనల్ని వెదకడం మొదలుపెట్టాడు. ప్రతి మనిషినీ వెలిగించే నిజమైన వెలుగు క్రీస్తే (యోహాను 1:9). తప్పు చేసినవాణ్ణి రాత్రిపూట నిద్రపోనివ్వని మనస్సాక్షి కూడా ఆ కృప పనే. దేవుడు మనలో పనిచేస్తున్నాడు గనుకనే మనం ఆయనకు లోబడగలం, అందుకే లోబడి తీరాలి అని ఫిలిప్పీ 2:12, 13 వచనాల ఆధారంగా వెస్లీ బోధించారు. అంటే రక్షణలో మన గొప్ప ఏమీ లేదు. చాచిన చేతిలో భిక్ష పడితే, చెయ్యి చాచినందుకు ఎవరైనా అతిశయిస్తారా?

మరి రోమా పత్రిక 9వ అధ్యాయం మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దేవుని ఎన్నిక గురించి అంత గంభీరంగా రాసిన పౌలు, ఆ వెంటనే 10వ అధ్యాయం మొదట్లోనే, క్రీస్తును కాదన్న తన స్వజనం రక్షణ పొందాలని ప్రార్థిస్తున్నానని రాశాడు. ఎన్నికను గురించి పౌలు కంటే ఎక్కువ తెలిసినవాళ్లం కాము కదా మనం? ఆయనే ప్రార్థన మానలేదు, మనమెందుకు మానాలి? మనుషులందరూ రక్షణ పొందాలన్నది దేవుని ఇష్టం (1 తిమోతి 2:4). ఆ 'అందరి'లో ఆ తల్లి కొడుకూ ఉన్నాడు.

ఇక ధీమాగా ఉన్నవారి సంగతి. తలుపు దగ్గర నిలబడి తట్టుతున్న ప్రభువు చిత్రం మన ఇళ్లలో చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ మాట ప్రభువు చెప్పింది అన్యులతో కాదు, లవొదికయలోని సంఘంతో (ప్రకటన 3:20). విశ్వాసులే ఆయన్ను బయట నిలబెట్టగలరన్న మాట! కృపను పొందినవారు దాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉందని వెస్లీ గట్టిగా హెచ్చరించారు. అలాగని విశ్వాసి రోజూ భయంతో వణుకుతూ బతకాలని ఆయన చెప్పలేదు. మనం దేవుని పిల్లలమని ఆత్మ ఇచ్చే సాక్ష్యాన్ని (రోమా 8:16) ఆయన ఎంతో ఆనందంగా ప్రకటించారు. అయితే ఆ నిశ్చయత నేటి నడతలో కనిపించాలి, పాత బాప్తిస్మపు సర్టిఫికెట్‌లో కాదు.

విశ్వాసి పడిపోయే ప్రమాదం ఉందని నమ్మారు గనుకనే, తొలి మెథడిస్టులు ఒకరినొకరు కనిపెట్టుకున్నారు. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి, మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయాలని పన్నెండేసి మందికి ఒక నాయకుణ్ణి పెట్టారు. డబ్బు కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులకు అక్కడి ఆత్మీయ స్థితి కళ్లారా కనిపించింది. అలా 'క్లాసు మీటింగులు' పుట్టాయి. మరి మన సంఘంలో ఒకరు వరుసగా నాలుగు ఆదివారాలు రాకపోతే, ఐదో వారం వాళ్లింటికి వెళ్లేదెవరు? చందా బాకీ ఉంటే గుర్తుపెట్టుకునే మనం, మనిషి రాకపోతే గుర్తుపెట్టుకుంటున్నామా?

ఈ బోధ పేరుతో కాల్విన్ బోధను అనుసరించే సహోదరులతో కలహించనక్కర్లేదు. కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికులకు ఆరుబయట సువార్త చెప్పమని 1739లో వెస్లీని పిలిచింది కాల్విన్ బోధను నమ్మిన జార్జి వైట్‌ఫీల్డే. ముందు నిర్ణయం విషయంలో ఆ తర్వాత ఇద్దరూ బహిరంగంగా విభేదించారు. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే, లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

మనకు అంత దూరం వెళ్లాల్సిన పనికూడా లేదు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వెస్లియన్ మిషనరీ పాస్నెట్ నాయకత్వంలో కట్టినది. ఊరి చివరికి నెట్టివేయబడిన దళితవాడలకు ఆ మిషనరీలు తెచ్చిన సువార్త 'నీ కోసం కూడా' అన్నదే. గుడి మెట్లు కూడా ఎక్కనివ్వని రోజుల్లో, దేవుడే తమ గడప దాకా వచ్చాడన్న మాట మన తాతముత్తాతలకు ఎంత పెద్ద మాట! 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ వెస్లియన్ మెథడిస్టులు, కాల్విన్ వారసత్వమున్న ప్రెస్బిటేరియన్లు, ఆంగ్లికన్లు ఒకే ప్రభువు బల్ల దగ్గర చేరారు.

అందరికీ అన్న కృప వల్లనే లోపలికి వచ్చిన మనం, ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి ఎవరు తగినవారో, ఎవరు తగనివారో తేల్చడం ఎంత అన్యాయం! ఆ తల్లికి ఈసారి మనం చెప్పాల్సిన మాట వేరే ఉంది. 'అమ్మా, నీ కొడుకు తలుపును ప్రభువు ఇంకా తడుతూనే ఉన్నాడు. ప్రార్థన ఆపకు. ఈ సాయంత్రం మేమూ మీ ఇంటికి వస్తాం.' చెప్పడమే కాదు, వెళ్లాలి కూడా.