‘సూన్’ అంటే ఎంతసేపు?

ప్రాచీన ఆంగ్లంలో ‘సూన్’ అనే మాటకు ‘తక్షణమే’ అని అర్థం. కాలక్రమంలో అది ‘కాసేపట్లో’గా, ఆపైన తేదీ లేని ‘త్వరలో’గా సాగింది. ‘ప్రెజెంట్లీ’ గతీ అంతే: ఒకనాటి ‘ఇప్పుడే’ తర్వాత ‘ఇంకాసేపటికి’ అయింది. ఇప్పుడే వస్తానని చెప్పి రాకపోవడం మనుషులకు అలవాటు కనుక, ఆ అలవాటు మాటకూ అంటుకుంది. సినిమా గోడపత్రిక మీద ‘కమింగ్ సూన్’ అని ఉంటే ఎవరూ నిలదీయరు. అదే మాట రాజ్యాంగంలో ఉన్నప్పుడు నిలదీయక తప్పదు.

రాజ్యాంగం 200వ అధికరణం ప్రకారం శాసనసభ పంపిన బిల్లును గవర్నర్ ఆమోదించాలి, ఆమోదాన్ని నిలిపివేయాలి, లేదా రాష్ట్రపతి పరిశీలనకు కేటాయించాలి. ద్రవ్య బిల్లు కానిదానిని ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’ సభకు తిప్పి పంపవచ్చునని అదే అధికరణంలోని మినహాయింపు నిబంధన చెబుతుంది. అంటే ‘సాధ్యమైనంత త్వరగా’. కొన్ని రాజ్‌భవన్‌లు మాత్రం దానిని ‘వీలు చిక్కినప్పుడు’ అని చదువుకున్నాయి. సాధ్యత పనిని బట్టి ఉంటుంది. వీలు మనిషిని బట్టి ఉంటుంది. వివాదమంతా ఈ రెంటి నడుమనే.

2020 జనవరి మొదలు తమిళనాడు శాసనసభ పంపిన బిల్లులలో పదింటికి గవర్నర్ ఆమోదం నిరాకరించినది 2023 నవంబరులో, అదీ రాష్ట్రం సుప్రీంకోర్టు తలుపు తట్టిన తర్వాత. తెలంగాణ కూడా అదే ఏడాది గవర్నర్ వద్ద నిలిచిన బిల్లుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ మాటలకు గణనీయమైన రాజ్యాంగ ప్రాధాన్యం ఉన్నదని, రాజ్యాంగ పదవులలో ఉన్నవారు దానిని గుర్తుంచుకోవాలని ధర్మాసనం ఏప్రిల్‌లో నమోదు చేసింది. ప్రాధాన్యం ఉన్నదన్నది గానీ, కొలత చెప్పలేదు.

పదాల ఆటకు ఇక్కడే చోటు దొరికింది. ఆ పదబంధం తిప్పి పంపడం గురించిన నిబంధనలోనే ఉన్నది కదా, తిప్పి పంపనే పంపని గవర్నర్‌కు అది ఎలా వర్తిస్తుందన్నది ఒక వాదన. పని చేసేవాడికి గడువు, చేయనివాడికి సెలవు! నిలిపివేయాలనుకుంటే బిల్లును సభకు తిప్పి పంపాల్సిందేనని 2023 నవంబరులో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి, ఆ ఆటలో కొంత భాగాన్ని కట్టిపెట్టింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు వేసి, సందర్భాన్ని బట్టి ఒక నెల, మూడు నెలలు అంటూ గడువులు పెట్టింది. ఆ పది బిల్లులూ ఆమోదం పొందినట్టేనని ప్రకటించింది.

ఆ కొలత ఎనిమిది నెలలైనా నిలువలేదు. మే నెలలో రాష్ట్రపతి 14 ప్రశ్నలు సుప్రీంకోర్టుకు నివేదించారు. న్యాయస్థానం గడువులు విధించజాలదని, ఆమోదం లభించినట్టు భావించే అవకాశమూ లేదని నవంబరు 20న ఐదుగురు సభ్యుల ధర్మాసనం అభిప్రాయపడింది. అయితే సుదీర్ఘమైన, వివరణ లేని, నిరవధికమైన జాప్యం జరిగితే నిర్ణయం తీసుకొమ్మని పరిమితంగా ఆదేశించవచ్చన్నది. ‘సూన్’ ఎంత అన్న ప్రశ్నకు బదులుగా ‘సుదీర్ఘం’ ఎంత అన్న ప్రశ్న మిగిలింది. సాగే మాట ఒకటి పోయి మూడు వచ్చాయి.

సాగే గుణం అవసరమేనన్న వాదనను కొట్టిపారేయలేము. కేంద్ర చట్టంతో పొసగని బిల్లును తూచి చూడటానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఎంతన్నది కొత్త ప్రశ్నేమీ కాదు. పార్లమెంటు బిల్లులను రాష్ట్రపతి తిప్పి పంపడానికి సంబంధించిన నేటి 111వ అధికరణం ముసాయిదాలో తొలుత ఆరు వారాల గడువే ఉండేది. 1949 మేలో అంబేద్కర్ సవరణతో అది ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’గా మారింది. గడువు తీసివేయడానికి హెచ్.వి. కామత్ ఆనాడే అభ్యంతరం చెప్పారు. తర్వాత గవర్నర్లకు ఆరు నెలల గడువు ఉండాలని పూంఛీ కమిషన్ సిఫారసు చేసింది. పార్లమెంటు తలచుకుంటే సవరించగలదు. బిల్లులు నిలిచిపోవడం వల్ల కేంద్రంలో ఎవరికీ నష్టం లేదు కనుక ఆ తలపు రాలేదు.

ఇటువంటి మాటే 22వ అధికరణంలోనూ ఉన్నది. ముందస్తు నిర్బంధంలో ఉంచిన వ్యక్తికి అందుకు కారణాలను ‘యాజ్ సూన్ యాజ్ మే బీ’ తెలియజేయాలి. అక్కడ ఆ మాటను ఎవరి వీలుకూ వదలలేదు. నిర్బంధితుడి వినతిని పరిశీలించడంలో సంజాయిషీ లేని జాప్యం జరిగితే నిర్బంధాన్నే కోర్టులు రద్దు చేస్తూ వచ్చాయి. ఆలస్యానికి కారణం చెప్పుకోవలసిన భారం అక్కడ ప్రభుత్వానిదే. బిల్లు విషయంలో మాత్రం, ఎందుకు ఆలస్యమైందని అడగడానికైనా ఎన్నికైన ప్రభుత్వమే ముందు ఢిల్లీకి వెళ్లి పిటిషన్ వేయాలి.