డొమైన్ దొరికితే పేరు మనదైనట్టేనా?

వెబ్‌సైట్ చేయడం వచ్చిందని తెలిస్తే చాలు, మనకు మొదటి క్లయింట్ ఇంట్లోనే దొరుకుతాడు. బాబాయో, మేనమామో, వాళ్ల ఫ్రెండో. పని కూడా చాలాసార్లు ఒకటే: కొత్త రియల్ ఎస్టేట్ వెంచర్‌కి సైట్. "మంచి పేరు చూసి డొమైన్ కొనెయ్" అంటారు. మనం పేరు టైప్ చేస్తాం, 'అవైలబుల్' అని వస్తుంది, డబ్బు కట్టేస్తాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

'అవైలబుల్' అంటే సరిగ్గా ఆ అక్షరాలను ఆ వరుసలో ఇంకెవరూ కొనలేదని మాత్రమే. ఆ పేరు మీద ఎవరికైనా ట్రేడ్‌మార్క్ ఉందో లేదో డొమైన్ అమ్మేవాడు చూడడు. పేరున్న బిల్డర్ పేరుకు వెనక 'ప్లాట్స్' అనో 'హోమ్స్' అనో తగిలిస్తే డొమైన్ దొరుకుతుంది. హక్కు దొరకదు.

మన దేశంలో డొమైన్ పేర్లకంటూ ప్రత్యేక చట్టం లేదు. కానీ డొమైన్ ఉత్త చిరునామా కాదని, వ్యాపారానికి గుర్తు కూడా అని 2004లో సిఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరి పేరుతో ఇంకొకరు చలామణి కాకుండా ట్రేడ్‌మార్క్‌కు ఉండే రక్షణ దీనికీ వర్తిస్తుందంది. అంతకుముందే, 2002లో, నౌకరీ డాట్ కామ్ స్పెల్లింగ్‌లో ఒక్క 'ఎ' అదనంగా చేర్చి నడిపిన సైట్‌ను ఢిల్లీ హైకోర్టు అడ్డుకుంది. న్యూమరాలజీ కోసం అక్షరాలు పెంచే మన బాబాయిలు ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి. చెవికి ఒకేలా వినిపిస్తే అక్షరం మార్చామన్న వాదన నిలబడడం కష్టం.

అమెరికాలో లైసెన్స్ తీసుకుని ఇళ్లు అమ్మే తెలుగువాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. ఇక్కడ వీధివీధినా బోర్డుల మీద కనిపించే 'రియల్టర్' అనే మాట అక్కడ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ సొత్తు. సభ్యులు కానివాళ్లు డొమైన్‌లో పెట్టుకోకూడదు. సభ్యులు కూడా తమ పేరుతో కలిపి వాడాలే తప్ప, ఊరి పేరుతోనో 'బెస్ట్' లాంటి మాటతోనో కలపకూడదు. అది అందరి మాట అయిపోయిందన్న వాదనను 2004లో అక్కడి ట్రేడ్‌మార్క్ బోర్డు ఒప్పుకోలేదు.

యాప్ పేరు మారితే అప్‌డేట్ అనుకుంటాం. వెంచర్ పేరు రాత్రికి రాత్రి మారితే అడ్వాన్స్ కట్టినవాళ్ల గుండె జారుతుంది. హోర్డింగ్, బ్రోచర్, లేఅవుట్ ముందు ఆర్చ్, అన్నింటి మీదా అదే పేరు ఉంటుంది మరి. ఈ వ్యాపారం నడిచేదే నమ్మకం మీద.

అలాగని మాటలన్నీ పెద్ద కంపెనీలకు రాసిచ్చేశామా? లేదు. 'ఇల్లు', 'ప్లాట్', 'కోకాపేట' లాంటివి మామూలుగా ఏ ఒక్కరి సొంతమూ కావు. కానీ అలాంటి మాటలతోనే పేరు కడితే, రేపు పక్కవాడు అదే పెట్టుకున్నా మనం గట్టిగా అడగలేం. వర్ణించే పేరు సులువుగా దొరుకుతుంది, సులువుగానే పోతుంది. కొత్తగా పుట్టించిన పేరుకే బలం ఎక్కువ. ఇక్కడే మన సాహితీ క్లబ్‌కి పని ఉందంటాను! 'గ్రీన్', 'సిటీ', 'ఎన్‌క్లేవ్' అని తిప్పితిప్పి పెట్టే బదులు, తెలుగులో ఇంకా ఎవరూ ముట్టుకోని మాటలు ఎన్ని లేవు?

చేయాల్సిందల్లా గంట పని. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. రియల్ ఎస్టేట్ సేవలకు 36వ క్లాసు, నిర్మాణానికి 37వ క్లాసు చూడాలి. స్పెల్లింగ్‌తోనే కాదు, ఉచ్చారణతో కూడా వెతకాలి. రిజిస్టర్ చేసుకోకపోయినా ముందునుంచీ వాడుతున్నవాళ్లకూ హక్కులుంటాయి కాబట్టి గూగుల్‌లోనూ, రెరా ప్రాజెక్టుల జాబితాలోనూ ఓ చూపు వేయాలి. పేరు ఖాళీగా ఉందనిపిస్తే డొమైన్‌తో పాటే ట్రేడ్‌మార్క్‌కూ దరఖాస్తు పెట్టించండి. వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు.

శంకుస్థాపనకు ముహూర్తం చూస్తారు, స్థలానికి వాస్తు చూస్తారు. పేరుకు రిజిస్టర్ కూడా చూడమని చెప్పాల్సింది సైట్ కట్టే మనమే.