పాటకు పట్టం, గొంతుకు నిరాకరణ

జనవరి 26 మనకు రాజ్యాంగం అమలులోకి వచ్చిన రోజు. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణాన్ని మనం ఆ తేదీతోనే కలిపి తలుచుకుంటాం. ఆస్ట్రేలియాకు కూడా అదే జాతీయ దినం. అయితే అక్కడి మూలవాసులకు అది 1788లో బ్రిటిష్ నౌకలు సిడ్నీ తీరాన దిగి భూమిని సొంతం చేసుకున్న దినం. 1938లోనే వారు దానిని సంతాప దినంగా పాటించారు. ఈ తేదీ చుట్టూ నడిచిన వివాదంలో ఒక రేడియో కేంద్రం పోషించిన పాత్రను కుల ప్రశ్నపై ఆలోచించేవారు గమనించాలని నా అభిప్రాయం.

ట్రిపుల్ జె ఆ దేశపు యువజన రేడియో. ప్రజాధనంతో నడిచే ఏబీసీ సంస్థలో భాగం. 2005 నుంచి ఏటా ఉత్తమ ఆస్ట్రేలియన్ ఆల్బమ్‌కు జె అవార్డు ఇస్తోంది. విజేతను శ్రోతల ఓట్లు నిర్ణయించవు, కేంద్రపు సంగీత బృందమే ఎంచుతుంది. శ్రోతల ఓటింగు వేరుగా ఉంది, దాని పేరు 'హాటెస్ట్ 100'. దాని ఫలితాలను సరిగ్గా జనవరి 26ననే ప్రసారం చేసేవారు.

2017లో జె అవార్డు ఎ.బి. ఒరిజినల్ అనే మూలవాసీ ర్యాప్ జంటకు దక్కింది. ఆల్బమ్ పేరు 'రీక్లెయిమ్ ఆస్ట్రేలియా'. అంతకు ముందే అదే పేరుతో వలస ముస్లింలను ద్వేషించే మితవాద బృందమొకటి వీధుల్లో ఊరేగింది. ఆ పేరును లాక్కొని తమ పాటకు పెట్టుకోవడమే వారి తొలి రాజకీయ చర్య. తిట్టుగా వాడిన కులం పేరును ఇంటిపేరుగా ధరించిన మన ఉద్యమాల పాఠకులకు ఇది వివరించనక్కర లేదు. అందులోని 'జనవరి 26' పాట శ్రోతల ఓటింగులో 16వ స్థానం పొందింది. తేదీ మార్చాలా అని రేడియో అడిగితే దాదాపు 65 వేల మంది జవాబిచ్చారు, 60 శాతం మార్చమన్నారు. కేంద్ర సమాచార మంత్రి బహిరంగంగా అభ్యంతరం చెప్పినా రేడియో వెనక్కు తగ్గలేదు. 2018 నుంచి కార్యక్రమం జనవరి నాలుగో వారాంతానికి మారింది.

మరుసటి ఏడు అవార్డు గుర్రుముల్‌కు. పుట్టుకతో అంధుడైన ఈ యోల్ఙు గాయకుడు 2017 జూలైలో, 46 ఏళ్లకే, కాలేయ మూత్రపిండ వ్యాధులతో మరణించాడు. తన భాషలో, వాద్యబృందంతో రూపొందించిన 'జారిమిర్రి' ఆయన పోయాక విడుదలై అమ్మకాల జాబితాలో మొదటి స్థానం పొందింది. మూలవాసీ భాషా ఆల్బమ్‌కు అది తొలిసారి. ఈ రెండు అవార్డులను నేను ఒకే తూకంలో వేయను. మొదటిది శ్రోతను ముద్దాయిగా నిలబెట్టింది. రెండో దానిని అర్థం తెలియకుండానే కళ్లు మూసుకొని వినవచ్చు. చనిపోయిన గాయకుడిని ప్రేమించడం బతికి నిలదీసేవాడిని గౌరవించడం కన్నా సులభం. రేడియో ఆ కష్టమైన పనిని ముందు చేసింది. ఆ మేరకు దానికి ఘనత ఇవ్వాలి.

అయితే 2023 అక్టోబరు 14 వచ్చింది. పార్లమెంటుకు సలహా మాత్రమే ఇచ్చే మూలవాసీ సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అన్నది ఆనాటి ప్రజాభిప్రాయ సేకరణ. ఆ సంఘానికి పెట్టదలచిన పేరు 'వాయిస్', అంటే గొంతు. మళ్లీ 60 శాతమే, ఈసారి వద్దన్నది. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా ఔననలేదు. జనాభాలో నూటికి నలుగురు కూడా లేనివారి గొంతుపై తీర్పు మిగిలిన తొంభై ఆరుగురి చేతిలో ఉంది. 1932లో ప్రత్యేక నియోజకవర్గాల కోసం అంబేద్కర్ ఎందుకు అంతగా పట్టుబట్టాడో ఈ ఫలితం చూస్తే ఏ పాఠ్యపుస్తకం కన్నా బాగా బోధపడుతుంది.

ఈ ఉదంతం తరగతిలో చెబితే ఒక విద్యార్థిని, "అలాగైతే అవార్డు వల్ల ఏం ఒరిగింది సార్?" అని అడిగింది. ఒరిగింది, ఒక తేదీ కదిలింది అన్నాను. ఆ జవాబు నాకే పూర్తిగా నచ్చలేదు. అప్పుడు నాకు దర్శనం మొగులయ్య గుర్తుకు వచ్చాడు. మాదిగలకు ఆశ్రిత కులమైన దక్కలి నుంచి వచ్చిన 12 మెట్ల కిన్నెర కళాకారుడు. 2022లో పద్మశ్రీ. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్న దృశ్యాలను పత్రికలు ప్రచురించాయి. పద్మశ్రీ ఇచ్చిన రాజ్యం ఆ కిన్నెరను వినడానికి సిద్ధపడింది. కానీ దానిని వాయించే కులం ఏమి అడుగుతున్నదో వినే వేదిక ఎక్కడుంది? ఎంపిక సంఘాల్లో, అకాడమీల్లో, ఆకాశవాణి ఆడిషన్ బల్ల వెనక ఎవరు కూర్చున్నారని మనం అడిగినప్పుడల్లా, ప్రతిభకు కులమేమిటని మనకే ఎదురు ప్రశ్న వేస్తారు.

ట్రిపుల్ జె తన లెక్కింపును జనవరి 26 నుంచి తప్పించి ఏళ్లు గడిచాయి. ఆస్ట్రేలియా జాతీయ సెలవు మాత్రం నేటికీ ఆ తేదీనే ఉంది.